అమ్మ చెంచా ముంచిన రోజు

అరకు రిసార్టుల్లో ఇప్పుడు అడ్డాకు దొప్పల్లో టిఫిన్ పెడుతున్నారు. టూరిస్టులు ఫోటోలు తీసుకుని మురిసిపోతుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. నా చిన్నప్పుడు సంతలో టీకొట్టు దగ్గర అందరికీ గాజుగ్లాసు, మాకు అడ్డాకు దొప్ప. దొప్ప లేకపోతే దోసిలి. వేడికి చేతులు కాలుతున్నా పైనుంచి పోసేవాడు ఆగేవాడు కాదు.

మావాళ్ళు బట్టలు నేసేవారు, కొండమీద పెళ్ళిళ్ళకు డప్పు కొట్టేవారు. మేం నేసిన చీర ఒంటిమీదికి పనికొస్తుంది, మా డప్పు మోగందే పెళ్ళి కదలదు, మా చేతి నీళ్ళు మాత్రం పనికిరావు. ఇదేం న్యాయమని అడిగితే అమ్మ నోరు మూసుకోమనేది. మూసుకోలేదు. డిగ్రీ అయ్యాక ఇంకాస్త పెద్దగా తెరిచాను.

మగ్గం మూలపడ్డాక అమ్మ ఇంటి వెనక వాలులో కాఫీ వేసింది. పండు పూర్తిగా ఎర్రబడితే తప్ప ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఈ ఏడు పంట ఆరబెట్టాక, మా ఆడవాళ్ళ సంఘం కాఫీని రుచి చూడడానికి కొనేవాళ్ళు పట్నం నుంచి వచ్చారు. నచ్చితే మధ్యలో దళారి లేకుండా సంఘం సరుకంతా వాళ్ళే తీసుకుంటారు. పండించినవాళ్ళు కూడా తమతోపాటు రుచి చూడాలనేది వాళ్ళ పద్ధతి. అమ్మను స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్ళాను.

షెడ్డులో పొడవాటి బల్ల, దానిమీద వరసగా గిన్నెలు, ఒక్కో తోట కాఫీ ఒక్కో గిన్నెలో. ఒకరి వెనక ఒకరు నడుస్తూ గిన్నెలో చెంచా ముంచాలి, చప్పుడయ్యేలా జుర్రుకోవాలి, డబ్బాలో ఉమ్మాలి, చెంచాను నీళ్ళలో జాడించి పక్క గిన్నెలో పెట్టాలి. అందరి నోళ్ళూ తిరిగిన చెంచాలే అన్ని గిన్నెల్లోనూ. ఎంగిలి అంటే ఆమడ దూరం పారిపోయే మనుషులు ఇంత శ్రద్ధగా ఎంగిలి పడుతుంటే నాకు నవ్వాగలేదు.

అమ్మ వంతు వచ్చింది. చేతికి చెంచా ఇచ్చారు. అమ్మ దాన్ని బల్ల అంచున పెట్టేసి, ఒక అడుగు వెనక్కి జరిగి, నడుం వంచి, దోసిలి పట్టింది.

చెంచా ఇచ్చిన పట్నం అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. నేను చెంచా తీసి మళ్ళీ అమ్మ ముందు పెట్టాను.

"అమ్మా, చెంచా ముంచు."

"నానెందుకు ముంచుతానే? ఆలందరూ తాగాలి కదా. నా ఎంగిలి తగిలితే సరుకొద్దంటారు. ఇంతమంది కట్టం, గుంటా, నా ఒక్కదాని మూలాన పోవాలేటి?"

"ఏ కాలంలో ఉన్నావు నువ్వు?"

"నీ ఉపన్యాసం ఇంటికాడ సెప్పుకో."

వరసలో అమ్మ వెనక నిలబడింది పై ఊరి పెద్దావిడ. ఆవిడ పెళ్ళికి డప్పు కొట్టింది మా నాన్నే. గుమ్మంలో నిలబడి అమ్మ దోసిట్లోకి పైనుంచి నీళ్ళు వంచింది ఆవిడే, నేను కళ్ళారా చూశాను. ఇప్పుడిద్దరూ ఒకే సంఘంలో ఉన్నారు. అయినా మీటింగులో టీ వచ్చే వేళకి అమ్మ ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్ళిపోతుంది. ఆవిడ ఒక్క మాట తేడాగా అంటే చాలు, కడిగి పారేద్దామని సిద్ధంగా ఉన్నాను.

"ఏటప్పా, బేగి ముంచీ. సల్లారిపోతంది," అంది ఆవిడ. "నీ ఎనకాల నానున్నాను."

అప్పా అంది, సొంత అక్కను పిలిచినట్టు. ఇన్నేళ్ళూ "ఒలే" తప్ప ఇంకో పిలుపు లేదు.

అమ్మ వెనక్కి తిరిగింది. "మీరా, నా ఎనకాల?"

"నాను కాపోతే దెయ్యమేటి? ముంచీ!"

అమ్మ చెంచా ముంచింది. జుర్రుకుంది. ఉమ్మడం తెలీక మింగేసింది. గిన్నెలో కాఫీ ఇంకా కదులుతూనే ఉంది, పెద్దావిడ చెంచా అందులోకి దిగింది.  ఆ చెంచా గిన్నె నుంచి నోటికి చేరేంత సేపూ నేను దాన్నే చూస్తున్నాను.

"ఓలమ్మా, సేదు!" అని ఆవిడ మొహం ముడుచుకుంది. "ఈ కషాయం కోసమా ఈలు పట్నం నుంచి పడీ పడీ వచ్చారు?"

"సేదేటి?" అంటూ అమ్మ తన నడుం మీద చెయ్యి వేసుకుంది. "నాలికుందా నీకు? మళ్ళీ ముంచి సూడు!"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. అమ్మ గమనించలేదు. ఆవిడ గమనించింది, అయినా మళ్ళీ ముంచింది. నా నోరు ఎవరిదగ్గర్నుంచి వచ్చిందో నాకు ఆరోజు తెలిసింది.

ఒక్క చెంచాతో కొండంతా మారిపోయిందని రాసేంత వెర్రిదాన్ని కాను. ఆవిడింటి గడప అమ్మ ఇంకా దాటలేదు. అది అడుగుతాను, వదలను. కానీ ఆ బల్ల ముందు, నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి, ఇద్దరూ ఒకే గిన్నెలో ముంచారు.

సరుకు తీసుకుంటామని పట్నం అమ్మాయి చెప్పింది. అమ్మకు ఆ మాట వినబడలేదు. చప్పుడు చేస్తూ గంజి తాగితే నా నెత్తిన మొట్టిన మనిషి, బల్ల చివరి గిన్నె దగ్గర నిలబడి షెడ్డంతా వినబడేలా జుర్రుకుంటోంది.