ధర కట్టేదాని అత్త

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను బత్తలపల్లెలో ఎవరిదో మిద్దె మీద నిలబడి, నీళ్ల ట్యాంకు కింద పగుళ్లు చూస్తున్నాను. ఫోను చేసింది మా ఆయన. "అమ్మ పోయింది" అని రెండే మాటలన్నాడు. మధ్యాహ్నం సంగటి తిని, నోట్లో వక్క వేసుకొని, వరండాలో కుర్చీలో కూర్చుందట. మా అమ్మాయి మంచినీళ్లు తెచ్చేసరికి లేదు.

కిందికి దిగి, మా అత్త చనిపోయింది, ఇంకోరోజు వస్తానని ఇంటాయనకు చెప్పాను.

"మీ అత్తంటే, స్కూటర్ మీద మీ వెనకాల కూచోనొచ్చే పెద్దామేనా మేడం?"

అవునన్నాను.

"అయ్యో! మా బామ్మర్ది ఇంటికి వచ్చినారు గదా మీరు. వంటింట్లో గూడు కురచగా కట్టినారని ఎంత తిట్టింది! ఆ గూడు చూసినప్పుడల్లా ఇప్పటికీ ఆమెనే తలుచుకుంటారు వాళ్లింట్లో. మంచి మనిషి" అని తల మీది టవలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

బ్యాంకు అప్పుల కోసం ఇళ్లకు, స్థలాలకు ధర కట్టి నివేదిక రాసే పని నాది. వాల్యూయర్ అంటారు. ఈ చుట్టుపక్కల నేను వెళ్లిన ఇళ్లలో నా సంతకం గుర్తున్నవాళ్లు తక్కువ. మా అత్త గుర్తులేనివాళ్లు లేరు. ఆమెను 'అత్తగారు' అని రాయడం నాకు చేతకావడం లేదు. బతికుండగా ఒక్కసారీ అలా పిలవలేదు. ఎవరైనా అలా పిలిస్తే, ఇంకెవరినో అనుకొని వెనక్కి తిరిగి చూసేది.

ఈ పని నా కల కాదు, మా అత్త పంతం. అనంతపురంలో మా ఇంటి మీద పైమిద్దె వేద్దామని బ్యాంకుకు వెళ్లాం. వాళ్లు ఒక వాల్యూయరును పంపారు. ఆయన నల్లకళ్లద్దాలు తీయకుండానే ఇంటిచుట్టూ ఒకసారి తిరిగి, వాకిట్లో నాలుగు ఫోటోలు తీసుకొని, మా అత్త కాఫీ గ్లాసులో పోసే లోపల బండెక్కి వెళ్లిపోయాడు. తర్వాత ఆయన కట్టిన ధర తెలిసింది. అప్పుకు సరిపోయింది గానీ మా అత్తకు సరిపోలేదు. ఆ ఇల్లు ఆమె, మా మామ కట్టుకున్నది. నీళ్లకు కటకటలాడే ఊళ్లో, కొత్త గోడలు తడిపేందుకు వీధి చివరి కొళాయి నుంచి బిందెలు మోసింది ఆమె.

"వంటింట్లోకి కూడా రాలేదు గదమ్మే వాడు! మన ఇంటికి ధర కట్టేకి వాడెవడు?"

"లైసెన్సు ఉన్నాయన అత్తా."

"ఆ లైసెన్సు యాడిస్తారు?"

"అంగట్లో ఇవ్వరు. ఇంజనీరింగ్ చదివి, పని అనుభవం ఉండి, శిక్షణ తీసుకొని, పరీక్ష పాసు కావల్ల."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నేనప్పుడు వంటింట్లో మసాలా డబ్బాల మీద కాగితం ముక్కలు అంటించి ధనియాలు, జీలకర్ర అని రాస్తున్నాను.

"నువ్వు సివిల్ ఇంజనీరు చదివినదానివే గదా?"

"చదివినా."

"చదివి, డబ్బాల మీద పేర్లు రాస్తాండావు. రాయి ఆ పరీక్ష. రాసి, ముందు మన ఇంటికి సరైన ధర కట్టు."

అలా మొదలైంది. పెళ్లికి ముందు నేను కొన్నేళ్లు ఒక బిల్డరు దగ్గర పనిచేశాను. ఆ అనుభవ పత్రం కోసం ఆయన ఆఫీసుకు నాతో పాటు మా అత్త కూడా వచ్చింది. ఆయన రేపు రమ్మన్నాడు. "రేపటిదాకా ఈడనే కూచుంటాంలేప్పా, మాకేం పనుంది" అని ఆమె సోఫాలో కాళ్లు పైకి పెట్టుకొని వక్కాకు సంచి విప్పింది. పత్రం ఆ పూటే వచ్చింది.

తర్వాత వాల్యూయర్ల సంస్థలో సభ్యత్వం, యాభై గంటల శిక్షణ. శిక్షణలో ఎక్కువభాగం కంప్యూటరులోనే. నేను హాల్లో కూర్చొని వింటుంటే మా అత్త వెనక కూర్చొని శనక్కాయలు ఒలుస్తూ వినేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా పాఠం చెప్పేవాళ్ల మీద అభిప్రాయాలుండేవి. "ఈయప్ప నిద్రొచ్చేట్టు చెప్తాండాడు. పొద్దున చెప్పినామె మేలు, చెయ్యి తిప్పుతుండె" అనేది.

ఏం చెప్పారో తనకు చెప్పమనేది. చెప్పేదాన్ని. ఇంటికి ధర కట్టే పద్ధతులు ముఖ్యంగా మూడు. చుట్టుపక్కల అలాంటి ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో చూడడం ఒకటి. బాడుగ ఎంతొస్తుందో దాన్నిబట్టి లెక్కగట్టడం ఇంకొకటి. ఇవాళ అదే ఇల్లు కట్టాలంటే ఎంతవుతుందో చూసి, పాతబడినందుకు కొంత తీసేయడం మూడోది. మొదటి రెండూ విని తలూపింది. మూడోదానికి చేతిలో శనక్కాయలు చేటలో పడేసింది.

"పాతబడితే తీసేస్తారా?"

"తరుగుదల అంటారత్తా. ఏడాదికి ఇంత అని తగ్గించల్ల."

"పాత బియ్యానికి ధరెక్కువ గదమ్మే! పాతబడిందని తగ్గించేకి ఇల్లేమన్నా ఎద్దా? రేపు నన్నూ తగ్గిస్తావా?"

రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. తరుగుదల నేనే కనిపెట్టానని ఆమె అనుమానం.

పరీక్ష దగ్గరపడ్డాక ప్రశ్నలడిగే పని తనే తీసుకుంది. నేను ప్రశ్న బయటికి చదవాలి, జవాబు చెప్పాలి. అది ఒప్పో తప్పో ఆమె చెప్తుంది. నమ్మశక్యం కాదు గానీ చాలావరకు సరిగ్గానే చెప్పేది. "నువ్వు తెలిసింది చెప్పేటప్పుడు గొంతు గబగబా వస్తాది. తెలీకపోతే ముందు ముక్కు గోక్కుంటావు. ఇప్పుడు గోక్కున్నావు. తప్పు."

తప్పు జవాబుకు మార్కు కోసేస్తారని, తెలియకపోతే వదిలేయడమే మంచిదని చెప్పినప్పుడు మాత్రం ఆ చదువు మీద ఆమెకు ఎక్కడలేని గౌరవం కలిగింది. "తెలీనప్పుడు నోరు మూసుకుంటే మార్కులు మిగుల్తాయా? ఎంత మంచి పరీక్షమ్మే! మీ చిన్నమామతో రాయించల్ల ఇది." చిన్నమామ అంటే ఆమె తమ్ముడు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

పరీక్షకు బెంగళూరు వెళ్లాం. నేను లోపల కంప్యూటరు ముందు ముక్కు గోక్కుంటుంటే, ఆమె గేటు దగ్గర వాచ్‌మన్‌తో కన్నడంలో మాట్లాడుతూ ఆయన ఇద్దరు కొడుకుల పెళ్లి సమస్యలు తీరుస్తోంది. ఫలితం అప్పటికప్పుడే తెరమీద వస్తుంది. వచ్చింది. బయటికొచ్చాను.

"పోయిందా?"

"పోయిందత్తా."

"పోనీ. దోశ తిందాం పా."

అంతే. ఊరొచ్చాక అడిగినవాళ్లందరికీ కంప్యూటరు చెడిపోయిందని తనే చెప్పింది. మా వీధిలో చాలామంది ఇప్పటికీ అదే నిజమనుకుంటున్నారు. నేను మళ్లీ డబ్బాల జోలికి పోకుండా నాలుగు రోజులు వంటింటి గడప దగ్గర కాపలా కూర్చుంది. ఐదో రోజు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

రెండోసారి పాసయ్యాను. సంతోషం పట్టలేక ఏడుస్తూ బయటికి వచ్చాను. ఆమె నా మొహం చూసి, ఏమీ అడక్కుండా, తిన్నగా దోశ హోటలు వైపు నడవడం మొదలుపెట్టింది. నేను వెనకాల పరిగెత్తుతూ "పాసత్తా, పాస్!" అని అరిచాను. ఆగింది. చీర కొంగుతో నా మొహం తుడిచింది. "అట్లయితే రెండు దోశలు తిందాం" అంది.

అసలు గొడవ రిజిస్ట్రేషన్ పత్రం చేతికొచ్చిన రోజున వచ్చింది. మా అత్త దాన్ని దేవుడి దగ్గర పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొలిచే టేపు తెచ్చి నా చేతికిచ్చింది. "ఊఁ, కట్టు ధర."

"అత్తా, శిక్షణప్పుడే చెప్పినా గదా. మన ఇంటికి, మనవాళ్ల ఇండ్లకి మనం కట్టకూడదు. నీతి నియమాల్లో ఉండాది."

"అది పరీక్షకు రాసేకి గదా?"

"కాదు. నిజంగానే."

ఆ కొబ్బరి చిప్పల వైపు చూస్తూ కూర్చుంది. "ఇంత చదివి మన ఇంటికే కట్టకపోతే, ఊరోళ్ల ఇండ్లకు కట్టి ఏం పుణ్యం?" అంది చివరికి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వితే ఏం జరిగేదో తెలుసు గనుక నవ్వలేదు.

అయినా మర్నాడు నేను మొదటి పనికి బయల్దేరితే స్కూటర్ వెనక సీట్లో ఆమె ఉంది. ఒక్కదాన్నే ఊళ్లు తిరగకూడదని బయటికి చెప్పే కారణం. ఇంట్లో తోచడం లేదన్నది అసలు కారణం. ఇంటివాళ్లు మీరెవరని అడిగితే, "నేను ధర కట్టేదాని అత్తను" అనేది. సర్వేయరు, ఇంజనీరులాగా అదీ ఒక ఉద్యోగం అనుకొని వాళ్లు కుర్చీ వేసేవాళ్లు.

ధర బయటికి చెప్పకూడదని నేను మొత్తుకుంటే, నోట్లో కొంగు కుక్కుకొని కూర్చునేది. అది ఇంకా ప్రమాదం. జనం నన్ను వదిలేసి ఆమె కనుబొమలు చూసి ధర ఊహించుకునేవాళ్లు. గుత్తిలో ఒక ఇంటాయన మమ్మల్ని మిద్దె మీదికి తీసుకెళ్లి, "చూడండి మేడం, కోట ఎంత బాగా కనిపిస్తాదో! దానికీ ఏదన్నా వేసి రాయండి" అన్నాడు. మా అత్త నోట్లో కొంగు ఊడిపోయింది. "కోట కనిపిస్తే కోటకు ధర పెరగల్లప్పా, నీ ఇంటికేముంది?"

ఆమెకు అన్నీ తెలుసని కాదు. ఇంకో ఊళ్లో ఒకావిడ వేడివేడి ఓళిగలు, అదే బొబ్బట్లు, నెయ్యేసి పెట్టింది. ఇంత మంచి ఇల్లు జిల్లాలో లేదని మా అత్త తేల్చేసింది. పెరటిగోడ చెయ్యి పట్టేంత పగిలి ఉందని నేను చూపిస్తే, "గాలొస్తాదిలే" అంది.

ఇక ఆమె తమ్ముడు. కణేకల్ దగ్గర కాలువ కింద వరిమళ్లు, కొంచెం రాజకీయం, ఎప్పుడూ తెల్లచొక్కా. తోడబుట్టినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. అక్కంటే ప్రాణం. ఆమెకూ అంతే. ఒకరోజు అరటిగెల పట్టుకొని వచ్చాడు. అనంతపురంలో తనకున్న ఇంటి మీద అప్పు తీసుకుంటాడట. బ్యాంకేమో తను చెప్పినట్టు వింటుందట. నేను ధర కాస్త ఎక్కువేసి రాయాలట.

"ఎక్కువొద్దు. ఊరికే రవ్వంత" అన్నాడు.

కుదరదని చెప్పాను. బంధువుల ఇల్లు, పైగా అబద్ధం. బయటపడితే నా రిజిస్ట్రేషన్ పోతుంది. ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఫ్యాను వైపు చూశాడు. చిన్నమామ గొంతు పెరిగింది. "అక్కా, ఊరంతా చెప్పుకున్నావే, మా కోడలు ధర కడ్తాదని! సొంత మనిషికి పనికిరాకపోతే ఎందుకక్కా ఈ చదువు?"

అది నెల కిందట ఆమె నన్నడిగిన మాటే. ఆమె కాదంటే తమ్ముడు దూరం, అవునంటే నా పని దూరం. మా అత్త లేచి నిలబడింది.

"నా ఇంటికి ధర కట్టిందేమప్పా అది?"

"ఏందక్కా?"

"నేను నీళ్లు మోసి కట్టుకున్న ఇల్లు. నేను చదివించినా దాన్ని. నా ఇంటికే కట్టలేదు! నీ ఇంటికి కడితే నేనూరుకుంటానా? నీ ఇంటికి ధర కట్టిననాడు ఈ ఇంట్లో నేను అన్నం ముట్టను!"

నీతి నియమాల కోసం ఎవరూ ఇంత గట్టిగా నిలబడగా నేను చూడలేదు. కారణం ఏదైతేనేం. చిన్నమామ అరటిగెల వదిలేసి, చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఫోను చేయలేదు. ఆమె కూడా చేయలేదు. సాయంత్రాలు ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. ఒకరోజు నేను దగ్గర కూర్చొని, "నా వల్లనే గదా అత్తా" అన్నాను. "నీ వల్ల యాడిదే! వాని నోటి వల్ల" అంది. కానీ అరటిపండ్లు మాత్రం చివరిదాకా ముట్టలేదు. నల్లబడి పోయాయి.

చివరికి ఆయనే వచ్చాడు. వేరే వాల్యూయరు ధర కట్టాడట. అది తను అనుకున్న ధరకు బాగా తక్కువట. ఎండలో వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా, "అక్కా, వాడు వంటింట్లోకి కూడా రాలేదక్కా!" అన్నాడు.

మా అత్త మొహం వెలిగిపోయింది. "రారప్పా! నాకు తెల్దా? ఒక్కరూ రారు!"

అక్కాతమ్ముళ్లు ఆ మధ్యాహ్నమంతా వాల్యూయర్లను తిట్టుకుంటూ అన్నాలు తిన్నారు. వడ్డించింది నేనే. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అంత హాయిగా ఎప్పుడూ తిట్లు తినలేదు.

ఆమె లేకపోతే నేను ఆ పరీక్ష గేటు దాటి రెండోసారి లోపలికి వెళ్లేదాన్ని కాదు. ఈ మాట ఆమెతో చెప్పబోతే, "చాల్లే, కూర మాడుతోంది చూడు" అనేది.

కాళ్లనొప్పులు ఎక్కువై ఈ ఎండాకాలం నాతో రావడం మానేసింది. చివరిసారి వచ్చింది కణేకల్ వైపు, సగం కట్టిన ఒక ఇంటికి. కిటికీలకు ఇంకా రెక్కలు పెట్టలేదు. హాల్లో కొత్తగా బండలు పరిచారు. బయట ఎండ నిప్పులు కురుస్తోంది. మా అత్త చెప్పులు విడిచి లోపలికొచ్చి, అరికాలితో బండను తడిమి చూసి, "సల్లగుండాదే" అని అక్కడే కొంగు పరుచుకొని పడుకుంది. నేను పెరడు చూసి వచ్చేసరికి గాఢంగా నిద్రపోతోంది.

హాలు కొలవాలి. ఆమె సరిగ్గా మధ్యలో ఉంది. లేపబోతే ఇంటామె నా చెయ్యి పట్టుకుంది.

"లేపద్దు మేడం. ఈ ఇంట్లో ఇంగా మేం కూడా నిద్ర చేయలేదు. పెద్ద ముత్తైదువ, ఆమే మొదలు పెట్టనీ."

మా మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి నేను చెప్పలేదు. ఇంటాయన ఆ గోడ దగ్గర, నేను ఈ గోడ దగ్గర నిలబడి, ఆమెకు తగలకుండా టేపు పైకెత్తి పట్టుకున్నాం. ఆయన కొలత గుసగుసగా చెప్పాడు. నేను గుసగుసగా తిరిగి చెప్పి రాసుకున్నాను. రెక్కల్లేని కిటికీలోంచి వచ్చిన గాలికి ఆమె నుదుటి మీద తెల్లవెంట్రుకలు కదులుతున్నాయి. ఇంటామె పక్కన గొంతుక్కూర్చొని, ఈగలు వాలకుండా సిమెంటు సంచి ముక్కతో మెల్లగా విసురుతోంది.