పలకమీద చివరి బిళ్ళ

నా చిన్నప్పుడు, సరిగ్గా తొమ్మిదేళ్ల నాలుగు నెలల వయసులో, ఒక మధ్యాహ్నం నేను నలభై మూడు నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టాను. ఆ లెక్క మొన్న కార్డిఫ్‌లో, మా మనవరాలి జాగ్రఫీ హోంవర్క్ దగ్గర కూర్చున్నప్పుడు మళ్లీ నా ముందుకొచ్చింది.

దానికిచ్చిన పాఠం దక్షిణ కొరియాలోని గాంగ్వాన్. తూర్పున సముద్రం, ఒడ్డు వెంటే నిలువునా కొండలు, కొండల కడుపులో బొగ్గు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక ఇప్పుడు ఆ ఎత్తుల్లో క్యాబేజీ, బంగాళాదుంప పండిస్తారట. చేపల్ని మంచుగాలికి ఆరబెడతారట. చలికాలం స్కీయింగుకు జనం వస్తారట.

"కోల్ అవుట్, టూరిజం ఇన్. సింపుల్, అమ్మమ్మా," అంది.

నేను బొగ్గు ఊళ్లో పుట్టినదాన్ని. మా తాతయ్య గని పైన దీపాల గదిలో పనిచేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆయనకిచ్చి తలదీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం అప్పగించి బిళ్ళ వాపసు తీసుకోవాలి. గోడమీది పలకకు ఎన్ని బిళ్ళలు వేలాడుతుంటే భూమి కింద అంతమంది ఉన్నట్టు.

ఆ రోజు తాతయ్యకు సద్ది తీసుకెళ్లాను. సైరన్ మోగింది. కింద నీళ్లు విరుచుకుపడ్డాయని ఎవరో అరిచారు. పలకమీద నలభై మూడు బిళ్ళలు. అందులో నూట పదిహేడో నంబరుది మా నాన్నది. గని నోటివైపు పరుగెత్తబోతే తాతయ్య జబ్బ పట్టుకుని బల్లమీద కూర్చోబెట్టాడు.

"ఉరికితే ఏమొస్తది బిడ్డా? నేను దీపాలు తీసుకుంట. ఎన్ని బిళ్ళలు మిగిలినయో నువ్వు చెప్పు. తప్పొద్దు."

తప్పలేదు. ముప్పై ఆరు. ఇరవై రెండు. తడిసి ముద్దయిన మనుషులు బిళ్ళ తీసుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయారు. తొమ్మిది. నాలుగు. చాలాసేపటికి ఒకటి.

"మళ్ల లెక్కపెట్టు."

"ఒకటే తాతయ్యా."

"మళ్ల పెట్టు బిడ్డా."

ఒక్క బిళ్ళను ఎన్నిసార్లని లెక్కపెడతాం? నేను పదకొండు సార్లు లెక్కపెట్టాను. నూట పదిహేడు అక్కడే ఉండిపోయింది.

నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికి చేసిన ఉపాయమని చాలా ఏళ్లు అనుకున్నాను. కింద ఉన్నది ఆయన కొడుకు. ఆ గది వదిలి వెళ్లలేక, ఇంకేమీ చేయలేక, నా నోట వేరే అంకె వస్తుందేమోనని అడిగాడని తెలియడానికి నాకూ పిల్లలు పుట్టాల్సి వచ్చింది.

మనవరాలి పట్టికలో బొగ్గు టన్నులున్నాయి, పంటలున్నాయి, టూరిస్టులున్నారు. "గనుల్లోకి దిగినవాళ్లెందరు? పైకి రానివాళ్లెందరు?" అన్నాను. ఫోన్లో కాసేపు వెతికింది.

"దొరకట్లేదు అమ్మమ్మా. ప్రెజెంటేషన్ రేపే."

"పోనీ, ఒక గడి గీసి ఖాళీగా ఉంచు."

గీసింది. అంతకుమించి నేను చేయగలిగిందేమీ లేదు.

మా అమ్మాయిది హాస్పిటల్లో షిఫ్టుల డ్యూటీ, అల్లుడిది ఆఫీసు. సాయంత్రం వాళ్లు ఆలస్యమైతే ఇప్పటికీ నా చేతిలో ఏమీ ఉండదు. వెళ్లి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు ముందు నిలబడతాను. అందులో ఎన్ని అరలు ఖాళీగా ఉంటే బయట అంతమంది. తలుపు తాళం తిరిగిన చప్పుడు వినబడేదాకా లెక్కపెడుతూనే ఉంటాను, మిగిలింది ఒక్కటే అయినా.