ట్యాంకు మూతలో సబ్బు

నలభై ఏళ్లుగా ఒక సంగతిని మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా దాన్ని దాటేసి, మిగతా పాపాలన్నీ వరుసగా ఒప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను కాబోలు.

ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో ఒక బడిలో పంతులుని. దానియేలు అన్న అదే బడిలో నాకంటే సీనియరు. ఇద్దరికీ మోటారు సైకిళ్లుండేవి. సెలవు దొరికితే చాలు, చాగలమర్రి అనీ కడప అనీ తిరిగేవాళ్లం. అప్పట్లో దోవలో బండి ఆగిందంటే దిక్కు లేదు. పెట్రోల్లో ఒక్కోసారి నీళ్లు, ఒక్కోసారి మడ్డి. అందుకే బయల్దేరే ముందే అన్నీ చూసుకునేవాళ్లం. ట్యాంకు కింది కుళాయిలో చెత్త పట్టిందా, కార్బురేటరుకు పోయే పైపు పగిలిందా అని. ఒక సంచిలో ఇంకో పైపు, ఇంకో ప్లగ్గు, సన్న రంధ్రాలు పొడవడానికి తీగ, పెట్రోలు వడకట్టే గుడ్డ, ట్యాంకు కారితే అద్దడానికి బట్టల సబ్బు ముక్క. ఈ విద్యంతా అన్నకు నేర్పింది నేనే.

ఆయన నన్ను మించిపోయాడు. బండి మొరాయిస్తే జనం నా దగ్గరికి రావడం మాని ఆయన దగ్గరికి పోసాగారు. ఒకసారి నా బండి దోవలో ఆగితే ఆయనే బాగుచేసి, మర్నాడు బడిలో అందరి ముందూ ఆ ముచ్చట చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను. ఆయన మనసులో ఏమీ లేదు. ఉన్నదంతా నా మనసులోనే. కుళ్లు. దానికి ఇంకో పేరెందుకు?

ఆ వేసవి సెలవుల్లో ఒక శనివారం ఇద్దరం కొలిమిగుండ్ల పోదామనుకున్నాం. ముందు రోజు పొద్దున ఆయన బండి ఒకసారి చూద్దామని ఇంటికి వెళ్లాను. ఆయన కాఫీ తేవడానికి లోపలికి పోయాడు. సంచిలోని సబ్బును గోటితో గిల్లి, ట్యాంకు మూతకుండే చిన్న గాలి రంధ్రంలో కూరాను. అది మూసుకుంటే ట్యాంకులోకి గాలి పోదు. గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. నాలుగైదు మైళ్లు పోయాక బండి ఆగిపోతుంది. ఆయన తల పట్టుకుని కూర్చున్నప్పుడు నేను పక్కన ఆగి, ఒక్క పిన్నీసుతో బాగుచేసి చూపించాలని. అంతే. ఇన్నేళ్లూ ఈ 'అంతే' పట్టుకుని వేలాడాను.

కాఫీ తాగుతుండగా టెలిగ్రాము వచ్చింది. ఆళ్లగడ్డలో వాళ్లమ్మకు ప్రాణం మీదికొచ్చిందని.

అన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. వెనకాలే వదిన కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"బస్సుకు పోదునా అని సూస్తాండా. బండి బాగుందా అప్పా? ఇప్పుడే సూసినావు గదా?"

నా గోటి సందులో సబ్బు ఇంకా ఉంది.

"బాగుందన్నా. బండి పెట్టుకొని బస్సేంది? బేగా పో."

ఎందుకన్నాను ఆ మాట? మరిచిపోయానా? లేదు. బాగా గుర్తుంది. వదిన ముందు మూత విప్పి సబ్బు తీస్తే, అదెక్కడిది అని అడుగుతారు. సరే, అది చేతకాలేదు. బస్సుకు పో అన్నా అని ఉండొచ్చు కదా, ఆ ఒక్క మాటకు నా తప్పు బయటపడేది కాదు కదా, అది కూడా ఎందుకు రాలేదు నోటికి? బస్సు అంటే, ఏం, బండికేమైంది అంటాడేమోనని భయపడ్డాను. ఒక ప్రశ్నకు భయపడ్డాను. అంతలో బండి మలుపు తిరిగింది.

ఐదుసార్లు ఆగిందట. ఆగినప్పుడల్లా ఆయన పద్ధతిగా అన్నీ విప్పాడు. ప్లగ్గు తుడిచాడు, తీగతో రంధ్రాలు పొడిచాడు, పైపు మార్చాడు. మధ్యలో పెట్రోలు ఉందా అని మూత తీసి చూశాడు. మూత తీయగానే గాలి దూరింది, బండి స్టార్టయింది. ప్లగ్గు తుడిచినందుకో, పైపు మార్చినందుకో అయిందనుకున్నాడు. పూర్తిగా ఆగిపోయి ఉంటే బండిని రోడ్డు పక్కన పారేసి బస్సెక్కేవాడు. అది ప్రతిసారీ ఆయనకు ఆశ పెట్టింది. గంట దోవ నాలుగు గంటలు పట్టింది. ఆయన చేరేటప్పటికి ఆమె పోయి అరగంట. అప్పటిదాకా వాకిలి వైపే చూస్తూ, పెద్దోడు వచ్చినాడా అని అడుగుతూనే ఉందట. చేతులకు మసి ఉందని అన్న అమ్మ మొహం తాకడానికి జంకాడని వాళ్ల చిన్నమ్మ నాతో చెప్పింది.

సమాధి కార్యక్రమానికి నేను బస్సులో పోయాను. బస్సులోనే, చూశారా. అయిపోయాక అన్న బండి తాళం నా చేతిలో పెట్టాడు. "నువ్వే తీస్కపో. దాన్ని సూడబుద్ధి కాలే నాకు." ఊరు దాటాక ఆగి, అటూ ఇటూ చూసి, పిన్నీసుతో సబ్బు గీకేశాను. నంద్యాల దాకా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి ఆయనకు నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. విని, "అయితే లోపం నా చేతిలోనే ఉందప్పా" అన్నాడు. బండి అమ్మేశాడు. మళ్లీ ఎవరి బండీ ముట్టుకోలేదు. జనం మళ్లీ నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నేను కోరుకున్నది అదే కదా? బాగుచేసి పంపాను అందరివీ.

అన్న ఇంకా ఉన్నాడు. రెండు వీధుల అవతలే. మొన్న తన మనవడి పెళ్లిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పొద్దు ఈయప్ప నా వెంబడి వచ్చింటే మాయమ్మను సూసుకుందును అని అందరికీ చెప్పాడు. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

చెప్పుతో కొట్టే హక్కున్న మనిషికి చెప్పలేదు. కొట్టలేని మీకు చెప్పాను. ఇదీ పిరికితనమే, తెలుసు. అయినా రాస్తుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. కొడుకు కోసం వాకిలి వైపు చూస్తూ ఒక తల్లి పోయింది. ఆమెను అలా పంపింది నేను.