రొప్పంలోకి నడిచిన కాలు

గుంతకల్లు డివిజన్లో ముప్పై మూడేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి నేను. మనుషుల్ని నమ్మే అలవాటు ఆ ఉద్యోగంలోనే పోయింది. అందుకే నాలుగేళ్ళ కిందట ఒకామె మా ఇంటి వెనక రేకుల షెడ్డు బాడుగకు కావాలని వచ్చి, తాను బెంగళూరులో ఎముకల డాక్టర్నని, పెద్ద ఆసుపత్రిలో ఆ విభాగానికే పెద్దనని, అది మానేసి ఇక్కడ కాళ్ళు చేయబోతున్నానని చెబితే, నేను మొదట అడిగింది ఆధార్ కార్డు.

"కాళ్ళు చేయడమంటే ఏందమ్మా?" అన్నాను.

"కాళ్ళు పోయినోళ్ళకు పెట్టుడు కాళ్ళన్నా. నా చేతుల్తో నేనే చేయల్లని."

కార్డు సరిగ్గానే ఉంది. పేరు హేమలత, నలభై ఆరేళ్ళు, సొంతూరు నల్లమాడ. బెంగళూరు పోయి ఇరవై ఏళ్ళయినా మాట మాత్రం మారలేదు. అయినా నా అనుమానం తీరలేదు. సైకిళ్ళు పెట్టుకోవడానికి కూడా పనికిరాని నా షెడ్డు కోసం అంత ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా? అక్కడేదో గొడవ చేసుకుని వచ్చి ఉంటుందని మా ఆవిడతో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఇది రాయడానికి సగం కారణం అదే.

ఆమె ఎందుకు వచ్చిందో తెలియాలంటే కుళ్లాయప్ప సంగతి చెప్పాలి. ఇతనిది విడపనకల్లు అవతల ఒక చిన్న ఊరు. తరతరాలుగా గొర్రెల కాపరులు. ఒకరోజు మందను రోడ్డు దాటిస్తుంటే లారీ గుద్ది కుడికాలు నుజ్జయింది. బెంగళూరు తీసుకుపోతే, అక్కడ మోకాలి కింద కాలు తీసేసి ప్రాణం నిలిపింది హేమలతే. ఏడాది తర్వాత ఆమె ఏదో పెళ్ళికని వచ్చి గుంతకల్లు స్టేషన్లో దిగింది. ప్లాట్‌ఫారం మీద చంకకర్రలతో నిలబడ్డ మనిషి ఆమెను చూసి నవ్వాడు.

"నన్ను మర్చిపోయినావా తల్లీ? నా కాలు కోసింది నువ్వే గదా."

ఆమెకు సంతోషమైంది. ఎట్లున్నావని అడిగింది.

"బతికిచ్చినావు, దండాలు. ఇంగ గొర్లెనక ఎట్ల పోయేదో అది కూడా చెప్పు" అన్నాడు కుళ్లాయప్ప. కోపంగా కాదు, మందు చీటీ అడిగినట్టు అడిగాడు.

హేమలత ఆ ప్రశ్నను మోసుకునే పెళ్ళికి పోయింది. ఆ మాట గురించి ఒకసారి నాతో చెప్పింది. "వందల కాళ్ళు కోసినా అన్నా. కుట్లు మానితే నా పని అయిపోయిందనుకుంటా ఉంటి. ఆ మనిషి ఆపైన యాడికి పోతాడో, ఎట్ల పోతాడో ఒక్కరోజు కూడా ఆలోచన చేయలేదు."

తిరిగిపోయి, ఆరు నెలల పాటు సాయంత్రాలు పెట్టుడు కాళ్ళు తయారుచేసే చోట కూర్చుని, తన వయసులో సగం కూడా లేని పిల్లల దగ్గర పని నేర్చుకుంది. తర్వాత రాజీనామా ఇచ్చింది. ఇంకా పెద్ద పదవి కోసం బెదిరిస్తోందని ఆసుపత్రివాళ్ళు అనుకున్నారట. వాళ్ళమ్మ పుష్పావతమ్మయితే మూడు నెలలు మాట్లాడలేదు. బిడ్డను డాక్టర్ని చేస్తే వడ్రంగిదై కూర్చుందని ఊరంతా చెప్పుకుంది.

షెడ్డులో మొదటి కాలు కుళ్లాయప్పదే. కార్తీకమాసంలో కొలతలు తీసింది. తేలికైన, ఖరీదైన కాలు. మడమ దగ్గర స్ప్రింగులా వంగుతుంది, కింద బూటు. ఆ కాలు తొడుక్కుని అతను మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే, నిజం చెప్పొద్దూ, నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. హేమలతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు తొందరపడ్డాయి.

నెల తిరగకముందే కుళ్లాయప్ప మోకాలి మీద పుండుతో వచ్చాడు. కాలి తొడుగు ఒరుసుకుంటోందని ఆమె దాన్ని మార్చింది. మళ్ళీ పుండు. మళ్ళీ మార్చింది. సంక్రాంతి పోయేసరికి పుండుకు చీము పట్టింది. ఇది లోపలికి పాకితే మోకాలు కూడా తీసేయాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. అవతల, మందను చూస్తున్న అతని బావమరిది ఉగాది కాగానే బెంగళూరులో కాపలా పనికి పోతున్నాడు. ఆలోపు కుళ్లాయప్ప తానే దిగి పని చేయలేకపోతే గొర్రెలన్నీ అమ్మేయాలి. గొర్రెలు లేని కుళ్లాయప్పను నేను ఊహించలేను. మాట్లాడిన ప్రతి మాటలో అవే ఉంటాయి.

హేమలత తిండి మానేసింది. ఆ కాలు ముందు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేది. "నాకు కోయడమే వస్తాదేమో అన్నా" అంది ఒకరోజు. అంత పెద్ద డాక్టరు ఆ మాట అనడం నాకు బాగా కష్టమనిపించింది.

ఆ రోజే నా పాత బుద్ధి పనికొచ్చింది. టికెట్ లేనివాడు ముఖంతో ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు, బట్టలతో ఆడలేడు. కట్టు మార్పించుకోవడానికి కుళ్లాయప్ప బల్ల మీద కూర్చున్నప్పుడు అతని పంచె చూశాను. రెండు మోకాళ్ళ దగ్గరా గొర్రెపెంటిక మరకలు, నేసిన గుడ్డ పలచబడి ఉంది. కాలు పోయింది ఒకవైపు. మరకలు రెండువైపులా ఎందుకున్నాయి?

"ఏమప్పా, మోకాళ్ళ మీద నడుస్తాండావా?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. హేమలత నా వైపు చూసింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఇద్దరం చెప్పాపెట్టకుండా వాళ్ళ ఊరు పోయాం.

ముళ్ళకంపతో కంచె కట్టి గొర్రెల్ని పెట్టుకునే చోటును అక్కడ రొప్పం అంటారు. మేం పోయేసరికి పొద్దు వాలుతోంది, మంద మళ్ళుతోంది. కుళ్లాయప్ప మమ్మల్ని చూడలేదు. దారి పొడుగునా కాలు మీదే నడిచి వచ్చాడు. రొప్పం వాకిట్లో రాయి మీద కూర్చున్నాడు. ఎడమకాలి చెప్పు విడిచాడు. కుడికాలే విప్పి కంచెకు తగిలించాడు. తర్వాత రెండు మోకాళ్ళ మీద, ఆ పెంటికలో, ఆ ముళ్ళలో పాక్కుంటూ లోపలికి పోయాడు. ఈనిన గొర్రె ఒకటి మూలన ఉంది. దాని పిల్లను పాలకు వదిలి, మళ్ళీ అట్లాగే పాక్కుంటూ వచ్చాడు.

హేమలత కంచెకు వేలాడుతున్న కాలి దగ్గరికి పోయింది. అతని తల్లి ఓబమ్మే మాకు చెప్పింది.

"రొప్పంలోకి చెప్పుకాలు పెట్టకూడదు తల్లీ. మా తాతల కాడ్నించీ లేదు. అది మాకు గుడి మాదిరి. నువ్వు చేసిన కాలికి బూటుండాది గదా."

"నాకెందుకు చెప్పలేదప్పా?" అని హేమలత కుళ్లాయప్పను అడిగింది.

"ఇంత కష్టపడి చేసినావు. బూటు తప్పని చెప్తే బాధపడ్తావని" అన్నాడు అతను.

నాకు ఒళ్ళు మండింది. కాలు కుళ్ళిపోతున్నా మర్యాదేమిటి మర్యాద? నాలుగు తిట్టబోయాను. హేమలత చెయ్యి పట్టుకుని ఆపింది. "తప్పు నాదన్నా. వీధిలో నడిపించి చూసినా. రొప్పానికి వచ్చి చూడలేదు" అంది.

మరుసటి వారం బూటు లేని పాదం తెచ్చింది. రబ్బరుది, వేళ్ళతో సహా అచ్చం మనిషి పాదంలా ఉంది. ఓబమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇదీ చెప్పుకుండే రబ్బరే గదమ్మా. చంకకర్రల కింద ఉండేదీ ఇదే, అవీ బయటే" అంది. ఇంకెవరైనా అయితే మూఢనమ్మకమని ఒక ఉపన్యాసం ఇచ్చి పోయేవారు. నేనైతే తప్పకుండా ఇచ్చేవాణ్ణి. హేమలత నేల మీద ఆమె పక్కన కూర్చుంది.

"సరే పెద్దమ్మా. మనిషి కాలు కాకుండా లోపలికి ఏం పోతాదో నువ్వే చెప్పు."

ఓబమ్మ రొప్పం వైపు తిరిగింది. "కట్టె పోతాది. కాపరి కట్టె లేకుండా యాడికి పోతాడు? కంబళి పోతాది. అది గొర్రెదే గదా."

అంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో హేమలత తన చేతి సంచి మీద పెన్నుతో బొమ్మలు గీస్తూనే ఉంది.

గుంతకల్లులో ఓబిలేష్ అని ఒక వడ్రంగి ఉన్నాడు. విత్తనం వేసే గొర్రులు చేయడంలో చేయి తిరిగినవాడు. హేమలత అతని దగ్గర చేరింది. చేరింది అనే అంటున్నాను, ఎందుకంటే అతను ఆమె మీద నిజంగానే కూలికొచ్చినదాని మీద అరిచినట్టు అరిచేవాడు. "ఉలి అట్ల పట్టుకుంటే ఏలు పోతాది డాక్టరమ్మా, అప్పుడు నీకెవరు చేస్తారు?" అనేవాడు. మొదటి వేపచెక్క పాదం వేళ్ళ దగ్గర చీలింది. రెండోది బరువైంది. మూడోది బాగుంది గానీ, అడుగు వేసినప్పుడల్లా దెబ్బ నేరుగా మోకాలికి తగిలింది. అప్పుడు ఓబమ్మ తన పాత కంబళి పంపింది. దాన్ని ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా అదిమి, కాలికీ పాదానికీ మధ్య మెత్తలా పెట్టారు. నాలుగో పాదం నిలబడింది. ఇంతలో పుండు కూడా మానింది. అతను మళ్ళీ పాకకుండా చూసే పూచీ తల్లి తీసుకుంది.

ఇరవై ఏళ్ళు శస్త్రచికిత్స చేసిన చేతులకు బొబ్బలొచ్చాయి. ఆమె వాటిని మా ఆవిడకు చూపించి నవ్వింది. అంత హాయిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు నుంచి షెడ్డు బాడుగ గురించి నేను నోరెత్తలేదు. ఆమె మాత్రం ఒకటో తేదీన ఇచ్చేస్తూనే ఉంది.

ఉగాదికి ఆరు రోజులుందనగా పోయాం. ఆ చెక్క పాదానికి బొటనవేలి పక్కన సందు పెట్టి చెక్కింది హేమలత. రోడ్డు మీద మామూలు చెప్పు తొడుక్కోవడానికి వీలుగా. కుళ్లాయప్ప విడపనకల్లు సంతలో కొత్త జత కొనుక్కున్నాడు. మంద వెనక నడుచుకుంటూ వచ్చాడు. రొప్పం దగ్గర ఆగాడు. రాయి మీద కూర్చోలేదు. ఎడమకాలి చెప్పు విడిచాడు, కుడికాలి చెప్పూ విడిచాడు. చేతికట్టె పట్టుకుని, తల్లి వైపు చూశాడు.

హేమలత నా పక్కకు వచ్చి నిలబడింది. ముసలామె వద్దంటే నాలుగు నెలల కష్టం పోయినట్టే. గొర్రెలు పోయినట్టే. గుంతకల్లు రావడం పొరపాటని ఈమె అనుకున్నా అనుకుంటుంది. నేనైతే మా ఇంటి దేవుడికి మొక్కేసుకున్నాను.

ఓబమ్మ వంగి ఆ పాదాన్ని చూసింది. చెక్కను తట్టింది. కంబళి మెత్తను తడిమింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. కుళ్లాయప్ప లోపలికి నడిచాడు. గొర్రెలు ఒక్క క్షణం బెదిరి, తర్వాత అతని చుట్టూ మూగాయి. అతను నిలబడే ఒక పిల్లను ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

హేమలత నా భుజం పట్టుకుని ఏడ్చింది. దాచుకోవడం దేనికి, నేనూ ఏడ్చాను.

ఓబమ్మకు మా ఏడుపులు పట్టలేదు. వాకిట్లో కాలికి ఏదో తగిలితే కిందికి చూసి, లోపలికి కేకేసింది.

"ఏమప్పా కుళ్లాయప్పా, రెండు చెప్పులూ దావకడ్డంగా ఇడ్సి పోయినావే. మనుషులు నడిచేది లేదా?"