చేతుల్లేని బెంచీ

నిన్న సైదాబాద్‌లో ఎక్కిన ఆటోకు కొత్తగా సీటు కుట్టించినట్టున్నారు. ఎండకు వేడెక్కిన రెగ్జిన్, ఇంకా ఆరని జిగురు కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగలగానే రాజలింగం సేఠ్ గుర్తొచ్చారు. దిగాల్సిన చోటు దాటిపోయాక గాని నాకు తెలివి రాలేదు.

ఉస్మాన్‌గంజ్‌లో వాళ్లది తాతల నాటి పప్పుల వ్యాపారం. ఈయన మాత్రం బస్తాలు తమ్ముళ్లకు వదిలేసి, ఆసుపత్రులకు మంచాలు, బల్లలు, బెంచీలు చేయించే కార్ఖానా పెట్టారు. చుట్టాలు నవ్వితే, "పప్పు అందరు తింటరు, దవాఖానకు అందరు పోతరు. రెండు ఒక్కటే" అనేవారు. డ్రాయింగులు గీయడానికి నన్ను పెట్టుకున్నారు. నాన్నగారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇల్లు మాది. నా 'అండీ'లు విని ఆయన ముసిముసిగా నవ్వేవారు.

ఆయనదొక వింత పద్ధతి. కొత్త నమూనా బెంచీ ఏది తయారైనా, మధ్యాహ్నం భోజనం కాగానే నన్ను దానిమీద పడుకోమనేవారు. ఆయన భార్య అనసూయమ్మగారు మా అందరికీ పంపే పచ్చిపులుసు అన్నం తిన్నాక ఆ పనికి నేనెప్పుడూ కాదనలేదు. లేవగానే విచారణ.

"నిద్ర వట్టెనా?"

"లేదండీ, నడుం పట్టేసింది."

"గట్లయితే పనికిరాదు. విప్పుండ్రి."

జీతమిచ్చి నిద్రపుచ్చే యజమాని ఇంకెక్కడైనా ఉంటారా? కూర్చునే బెంచీకి నిద్రతో ఏం పనండీ అని ఓసారి అడిగేశాను.

"దవాఖానల ఉత్తగ కూసునేటోడు ఎవడయ్యా? లోపల ఒక్కరుంటే బయట ఇల్లంత ఉంటది. వాళ్లు ఏడ ఒరుగాలె?"

సంతోష్‌నగర్ వైపు కొత్త ఆసుపత్రి కడుతున్నప్పుడు లోపలి సామానంతా మాకే వచ్చింది. మంచాలు, కర్టెన్లు, నర్సుల బల్లలు సాఫీగానే సాగాయి. పేచీ వెయిటింగ్ హాలు దగ్గర వచ్చింది. సేఠ్ పొడవాటి మెత్తటి బెంచీలు గీయించారు. అక్కడి మేనేజరు ఆ కాగితం పక్కకు నెట్టి, సీటుకూ సీటుకూ మధ్య స్టీలు చేతులున్న కుర్చీలు కావాలన్నాడు.

"జనం పడుకుంటే హాలు బస్టాండులా ఉంటుంది సేఠ్. లుక్ పోతుంది."

"మనిషి లోపల సావుబతుకుల మీదుంటే, బయటోళ్లు ఫోటోకు కూసున్నట్టు కూసోవాల్నా సార్?"

వాదన చాలా రోజులు నడిచింది. చివరికి పని మొత్తం వేరేవాళ్లకు ఇస్తామన్నారు. కార్ఖానాను నమ్ముకున్న ఇళ్లు చాలా ఉన్నాయి, సేఠ్ తల వంచక తప్పలేదు. ఆ కుర్చీలు తయారైనప్పుడు మాత్రం నన్ను పడుకోమనలేదు. అయినా పడుకునే వీలెక్కడిది!

కొన్నాళ్లకు అనసూయమ్మగారికి గుండెజబ్బు చేస్తే అదే ఆసుపత్రిలో చేర్చారు. సేఠ్ ఆ హాలు వదల్లేదు. నేను వెళ్లినప్పుడల్లా రెండు స్టీలు చేతుల మధ్య ఇరుక్కుని, తల ఎటూ ఆన్చలేక కూర్చుని కనిపించేవారు. లోపల నుంచి ఆవిడ పిలిస్తే పలకాలి కదా అనేవారు. ఆఖరికి నడుం బొత్తిగా పడిపోయి, కాసేపు వాలదామని ఇంటికి వెళ్లారు. ఆ కాసేపట్లోనే లోపల ఆవిడ ఆయన కోసం అడిగారు. ఆయన ఆటో దిగి పరుగున వచ్చేసరికి ఆవిడ లేరు.

హాల్లో కుర్చీ చేతిని పట్టుకుని నిలబడిపోయారు. నేను దగ్గరికి వెళ్తే, "ఈడనే ఇంత ఒరిగేటందుకు జాగ ఉంటే నేను పోయేటోన్ని కాదు" అన్నారు. తర్వాత దాన్ని తడుముతూ, "ఎవ్వర్ని తిట్టాలెనయ్యా? ఇవి నేనే గద చేపిచ్చిన" అన్నారు.

ఆ తర్వాత కార్ఖానాకు ఆయన సరిగ్గా రాలేదు. ఎక్కువ కాలం బతకలేదు కూడా. ఇప్పుడు అలాంటి పనులే నేను సొంతంగా చేయిస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా చేతుల్లేని బెంచీ కోసం పోట్లాడతాను. చాలాసార్లు ఓడిపోతాను, కొన్ని పనులు పోగొట్టుకున్నాను. ఈ మధ్య ఒకచోట మాత్రం నా మాట సాగింది. చిన్న మరమ్మతు చూడ్డానికి అక్కడికి వెళ్తే, మేం వేసిన బెంచీ మీద ఒకావిడ ముఖం మీద కొంగు కప్పుకుని ఒళ్లెరగని నిద్రలో ఉంది. ఇది చూడ్డానికి సేఠ్ లేరే అనుకున్నాను. ఇంతలో లోపలి నుంచి నర్సు వచ్చి పేరు పెట్టి పిలిచింది. ఆవిడ దిగ్గున లేచి, చెప్పులైనా వేసుకోకుండా లోపలికి పరుగెత్తింది.