గొంతు ఆపరేషనుకు ముందు ఒక ఒపెరా

నేను పిరికివాణ్ణి. ముందే చెప్పేస్తే చదివేవారికీ నాకూ సుఖం. లిఫ్టు ఎక్కాలంటే భయం, సముద్రం దగ్గరికి పోవాలంటే భయం, ఫోన్‌లో ఎవరైనా ఇంగ్లీషు మాట్లాడితే మరీ భయం. 2009 చలికాలంలో ఒమాన్ దేశంలోని సూర్‌లో నేను డ్యూటీలో ఉండగా సరిగ్గా అలాంటి ఫోనే వచ్చింది. సూర్‌లో ఒక కంపెనీ స్టోర్‌లో పైపులూ వాల్వులూ చూసుకునే క్లర్కుని నేను. ఫోన్ చేసినావిడ మస్కట్‌లో, ఖురంలో ఉండే ఒక యూరప్ ఇంజనీరు గారి భార్య. చెన్నమ్మక్క వంట చేసేది వాళ్లింట్లోనే. మేడమ్ ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చెప్పింది. చెన్నమ్మ గొంతులో గడ్డ ఉంది. శనివారం పొద్దున ఆపరేషన్. ఆమె ఒప్పుకోవడం లేదు. నువ్వు ఆమె ఊరివాడివి, వచ్చి చెప్పు.

చెన్నమ్మక్కకీ నాకూ రక్తసంబంధం లేదు. కడప జిల్లాలో మాది ఒకే వీధి. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. అంతకు మించి, పద్య నాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషి. మైకు చెడిపోయినా సరే, ఆమె రాగం తీస్తే వెనక చాపల మీద కూర్చున్నవాళ్ల దాకా వినిపించేది. నాటక సమాజం చెదిరిపోయాక వేషాలు అడిగేవాళ్లు లేక, వంటమనిషిగా మస్కట్ వచ్చింది. ఆపరేషన్ చేస్తే గొంతు మారిపోవచ్చని డాక్టరు చెప్పాడట. చేయకపోతే గడ్డ పెరిగి ఊపిరికి అడ్డం పడుతుందని కూడా చెప్పాడట. అక్క మొదటి మాట విని, రెండోది చెవిన పెట్టలేదు.

ఇక నేను ఏం చెప్పాలి? చేయించుకోమంటే, గొంతు పోతే ఆ పాపం నాది. వద్దంటే, ప్రాణం పోతే అదీ నాదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేడమ్ మాత్రం ఇంకో మాట కలిపింది. గురువారం సాయంత్రం ఒక హోటల్ హాల్లో ఒపెరా ఉందట, మా ముగ్గురికీ టికెట్లు తీసిందట. "ఆమెకు పాట అంటే ఇష్టం. కాస్త ధైర్యం వస్తుందేమో" అంది. గొంతు కోయించుకోబోయే మనిషికి పాట వినిపిస్తే ధైర్యం ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషులో అడగలేక ఎస్ మేడమ్ అన్నాను.

గురువారం, శనివారం లీవు పెట్టాను. శుక్రవారం ఎలాగూ సెలవే. ఆదివారం డ్యూటీలో లేకపోతే ఊరుకోనని మేనేజర్ ముందే చెప్పాడు. సూర్ నుంచి మస్కట్‌కి పొద్దున ఆరు గంటల బస్సు. ఇబ్రా మీదుగా పోతుంది. ఎవరైనా ఆ దారిన వెళ్లదలచుకుంటే ఎడమవైపు కూర్చోండి, కుడివైపు ఎండ మొహాన కొడుతుంది. ఒక స్వెటర్ కూడా పెట్టుకోండి. బయట ఎంత వేడిగా ఉన్నా బస్సులో ఏసీకి పళ్లు కొట్టుకుంటాయి. నాకు ఏసీ లేకపోయినా కొట్టుకునేవే.

పక్క సీట్లో నిజామాబాద్ వైపు మనిషి, రాజన్న. బర్కాలో ఖర్జూరం తోటలో పనిచేసే తమ్ముణ్ణి చూడబోతున్నాడు. తెలుగువాడు దొరికాడు కదా అని నా కష్టం అంతా వెళ్లబోసుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

"గొంతుదా అన్నా?" అన్నాడు రాజన్న. "మా కాకకు గిట్లనే చేసిండ్రు. మనిషి బాగనే ఉన్నడు గనీ, మాట వోయింది. ఇప్పుడు ఎడ్లను గూడ సప్పట్లు గొట్టి పిలుస్తడు."

"అందరికీ అలాగే అవుతుందా?" అన్నాను.

"ఏమో అన్నా, నాకేం తెల్సు? నేను మేస్త్రీని." అనేసి తల కిటికీకి ఆనించి హాయిగా నిద్రపోయాడు. నాకు మళ్లీ కన్ను మూతపడలేదు.

ఇబ్రాలో బస్సు ఆగింది. మలయాళీ హోటల్లో పరాటా, పాలు లేని సులేమానీ చాయ్ బాగుంటాయంటారు. నేను చాయ్ మాత్రం తాగాను, పరాటా సగంలో వదిలేశాను. పదకొండు దాటాక మస్కట్‌లో రూవీ దగ్గర దిగాను. అక్కడ షేర్ టాక్సీ ఎక్కితే ఖురం దూరం కాదు. దారిలో కొండల ముందు పెద్ద పెద్ద క్రేన్లు కనబడ్డాయి. టాక్సీవాడు, ఒమానీ కుర్రవాడు, చేయి చూపించి హిందీలో చెప్పాడు. "ఉధర్ గానా కా బడా మహల్ బన్ రహా హై." పాట కోసం అంత భవనం కడుతున్నారు! మా ఊళ్లో నాటకాల పాక కూలితే ఎత్తి నిలబెట్టిన నాథుడు లేడు.

అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. చిక్కిపోయింది. గొంతు చుట్టూ తువ్వాలు చుట్టుకుంది.

"ఏమిరా సుబ్బయ్యా, కోడిపిల్ల మాదిరి వణుకుతాండావు? జరమా?"

"చలి అక్కా."

"చలి కాదు, నీకు మేడమ్ ఫోన్ చేసింది. నాకు తెల్సులే. ఆ మాట ఎత్తినావంటే అన్నం పెట్టను, చూసుకో."

నేను ఎత్తలేదు. అన్నం పెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది గానీ, ఆ పూట నాకు కొంచెం హాయిగా అనిపించింది. సాయంత్రం వరకు అడగక్కర్లేదు కదా అని.

ఏడు గంటలకు హోటల్. రూమ్మేట్ దగ్గర తెచ్చుకున్న కోటు చేతులు నాకు పొట్టి. అద్దాల తలుపు దగ్గర సెక్యూరిటీ అతను నా వైపు చూశాడు. చూడగానే నేను జేబులోంచి లేబర్ కార్డు తీసి చూపించాను. పాపం, అతను అడిగింది టికెట్టు. మేడమ్ టికెట్లు ఇచ్చేలోపు నా చొక్కా వీపున తడిసిపోయింది. అక్క మాత్రం పట్టుచీర కట్టుకుని, తువ్వాలు తీసి చేతిసంచిలో పెట్టి, వేషం వేయబోయే మనిషిలా తల ఎత్తి నడిచింది.

హాలు చిన్నదే. పెద్ద భవనం ఇంకా తయారు కాలేదు గనక హోటల్లో ఆడుతున్నారు. ఒక పియానో, ఐదుగురు గాయకులు, ఒక డాన్సర్ల జంట. మొదట ఆ జంట బ్యాలే ఆడింది. ఆ అమ్మాయి కాలి బొటనవేళ్ల మీద లేచి నిలబడి గిర్రున తిరుగుతుంటే నాకు ఒకటే భయం, వేలు విరుగుతుందేమోనని. ఒకసారి ఆ అబ్బాయి ఆమెను గాల్లోకి ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"తెరువురా, వాడు పట్టుకున్యాడులే" అంది అక్క. "ఆ పిల్ల ఊపిరి చూడు, ఎట్ల ఆపి ఎట్ల ఇడుస్తాండాదో. కాళ్లతోనే పాడుతాండాది."

తర్వాత ఒపెరా. మేడమ్ కథ ముందే చెప్పింది. ఓడ మీద పోయిన మొగుడి కోసం ఒక ఆడమనిషి ఒడ్డున ఎదురుచూస్తుంది, ఓడ మునిగిందన్న కబురు విని పాడి పాడి ప్రాణం విడుస్తుంది. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. పాడిన ఆవిడ లావుగా, నడివయసులో ఉంది, రాణిలా ఉంది. మైకు లేదు. నోరు తెరిచిందంటే నా పక్కనున్న గాజు గ్లాసు సన్నగా మోగింది.

"ఇది పద్య నాటకమే రా!" అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "హార్మోనియం తీసేసి ఇది పెట్టుకున్యారు, అంతే. ఇంగా బతికుండాది చూడు ఈ ఆట."

కానీ ఆవిడ చనిపోయే పాట మొదలుపెట్టేసరికి అక్క చెయ్యి గొంతు మీదికి వెళ్లింది, గడ్డ ఉన్న చోటికి. రాగం పైకి పోయినప్పుడల్లా ఆ వేళ్లు బిగుసుకుంటున్నాయి. నాకు పాట వినబడటం మానేసింది. శనివారం, కత్తి, రాజన్న వాళ్ల కాక, చప్పట్లు కొడితే వచ్చే ఎడ్లు, ఇవే కళ్ల ముందు. అక్కను ఈ హాలుకి తీసుకురావడమే తప్పనిపించింది. పోబోయేది ఏమిటో మరీ దగ్గరగా చూపించినట్టయింది.

పాట అయిపోయింది. ఆవిడ నేల మీద వాలిపోయింది. హాలంతా గడ్డకట్టినట్టు నిశ్శబ్దం.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. నాటకంలో ఎవరైనా పద్యం గొప్పగా పాడితే జనం "వన్స్ మోర్" అని కేక వేస్తారు. వేస్తే మళ్లీ పాడి తీరాలి. చచ్చినవాడైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోవాలి. మా ఊళ్లో ఒక రాజు ఒకే రాత్రి మూడుసార్లు చచ్చాడు. అలా కేక వేయకపోతే పాడినవాళ్లకు అవమానం.

అక్క లేచి నిలబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చీర కొంగు పట్టుకుని లాగాను. విదిలించుకుంది. కోటుల మధ్య, గౌనుల మధ్య, అంత నిశ్శబ్దంలో ఆమె గుండెల నిండా గాలి పీల్చి కేక వేసింది.

"వన్స్..."

అంతే వచ్చింది. ఆ తర్వాత నోరు తెరుచుకునే ఉంది, గాలి మాత్రమే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. గాలే. ఒకప్పుడు ఆఖరి వరుస దాకా పోయిన గొంతు ముందు కుర్చీ దాటలేదు. తలలన్నీ మా వైపు తిరిగాయి. అక్క మొహంలో రక్తం లేదు. ఆమె వాళ్లను చూడటం లేదు. తనకేం జరిగిందో అప్పుడే తెలిసిన మనిషిలా తన చేతిని చూసుకుంటోంది.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. "వన్స్ మోర్!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా, కీచుగా వినిపించింది. సెక్యూరిటీ అతను గోడ వెంట మా వైపు వస్తున్నాడు. ఇక నా వీసా పోయినట్టే అనుకున్నాను. అయినా మరోసారి అరిచాను. అప్పుడు మేడమ్ చప్పట్లు మొదలుపెట్టింది, తర్వాత అందరూ. నేల మీద వాలిన ఆవిడ తల ఎత్తి మమ్మల్ని చూసింది. నవ్వింది. మోకాళ్ల మీద లేచి పియానో అతనితో ఏదో అంది. ఆఖరి చరణం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయింది.

అక్క అంతా నిలబడే విన్నది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

బయట కారు దగ్గర, మేడమ్ తాళాలు వెతుక్కుంటుంటే అక్క నాతో బొంగురుగా, చిన్నగా అంది. "కత్తి పడకుండా దాపెట్టుకుంటే గొంతు మిగుల్తాదనుకున్యా రా. మిగల్లేదు. శనివారం పోదాం పా." చేతిసంచిలోంచి తువ్వాలు తీసి చుట్టుకుంటూ, "నీది మేక గొంతు. అయినా అరిచినావు" అంది.

నేను ఒక్క ముక్క కూడా చెప్పకుండానే ఒప్పుకుంది. సంతోషించాలి కదా? నాకు భయం రెట్టింపైంది. అంతవరకు భయపడటానికి ఆమె తోడుండేది. ఒప్పుకున్నాక ఆమె భయం కూడా నాకే వదిలేసింది. శుక్రవారమంతా రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ చేసి నాకు ముద్దలు పెడుతూనే ఉంది. నేను అటువైపు తిరిగినప్పుడు ఒకసారి కూనిరాగం లాంటిదేదో మొదలై, తెగిపోయింది. విననట్టే ఉన్నాను.

శనివారం ఏడున్నరకు లోపలికి తీసుకుపోయారు. కాగితం మీద తనే సంతకం చేసింది. స్ట్రెచర్ కదులుతుంటే, "గమ్మున కూచో, అటూ ఇటూ తిరగొద్దు" అని నన్నే కసిరింది. పదకొండున్నరకు డాక్టరు వచ్చి ప్రాణానికి ఢోకా లేదన్నాడు. గొంతు సంగతి మేడమ్ అడిగితే, మెలకువ వస్తే గానీ చెప్పలేనన్నాడు. మధ్యాహ్నం రెండున్నర బస్సు తప్పితే నా ఉద్యోగం లేదు. అక్క కళ్లు తెరవకముందే నేను రూవీకి బయలుదేరాను.

తిరుగు బస్సులో కూర్చుని ఆ సాయంత్రాన్ని తలుచుకున్నాను. ఒపెరా అంటే కోటేసుకున్నవాళ్లు కునుకు తీసే పాత వ్యవహారమని స్టోర్‌లో అందరూ అంటారు. నేనూ అన్నాను. ఎవరైనా మస్కట్ వెళ్లినప్పుడు, ఆ భవనం తయారైతే, ఒకసారి వెళ్లి చూడండి. భాష రాకపోయినా ఫర్వాలేదు. బతికున్న ఆటే అది. నచ్చితే కేక వేయండి, ఏమీ చేయరు. సెక్యూరిటీ అతను ఆ రోజు వచ్చింది నా కుర్చీ కింద పడిన టికెట్టు తీసి ఇవ్వడానికే.

ఇబ్రా దాటాక చీకటి పడుతుండగా ఫోన్ మోగింది. మేడమ్ నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. పక్కన కూర్చున్న ఒమానీ ముసలాయన నా మొహం చూసి, ఫోన్ చూసి, "ఉఠావ్ సదీక్, ఉఠావ్" అన్నాడు, ఎత్తవయ్యా స్నేహితుడా అని. ఎత్తాను.

"డాక్టరు మాట్లాడొద్దన్నాడు" అంది మేడమ్. "ఈమె వినడం లేదు."

తర్వాత కొంతసేపు ఊపిరి మాత్రం వినిపించింది. కొండలు అడ్డొచ్చి సిగ్నల్ పోయిందనుకున్నాను. అప్పుడు వచ్చింది, ఇసుకలో చెప్పు ఈడ్చినట్టు ఒక గొంతు.

"తిన్యావా?"

ఆ గొంతు నేను ఎన్నడూ విననిది. అడిగిన మాట మాత్రం చెన్నమ్మక్కదే. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని నేను, తిన్నానక్కా అని అబద్ధమాడి, బస్సులో అందరి ముందూ ఏడ్చాను.