పైన్ చెట్ల కింది కొక్కులు

ఆ రోజుల్లో నేను గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో ఊడ్చేదాన్ని. తెలంగాణ కోసం బందు మీద బందు. ఆ వానాకాలం రెండు రోజుల బందుకు బస్సుల్లేక ఆరుగురు ఆడవాళ్లం లోపలే ఉండిపోయాం. క్యాంటీన్ మూసేశారు. వెనక గదిలో చిన్న పొయ్యి, కాసిన్ని బియ్యం, ఉప్పు, కారం. అంతే.

రెండో రోజు పొద్దున వదిన కొంగు నిండా పుట్టకొక్కులు తెచ్చింది. చుట్టరికం ఏమీ లేదు, అందరికంటే పెద్దదని వదిన అనేవాళ్లం. ప్రహరీ పక్క పైన్ చెట్ల కింద, రాలిన సూదాకుల్లో మొలిచాయట.

"కొక్కుల సంగతి నీకే ఎరుక. ఇవి తినేటియేనా?"

ఊళ్లో చెలక గట్ల మీద, మెట్ట చేలల్లో కొక్కులు ఏరుతూ పెరిగినదాన్ని. కానీ అప్పటికే మూడంతస్తులు తుడిచి గోడకు ఒరిగి ఉన్నాను. గోధుమరంగు గొడుగులను పైనుంచి చూసి, "తినేటియే" అన్నాను. చేతిలోకి కూడా తీసుకోలేదు.

కడుగుతుంటే తెలిసింది. మా కొక్కును తిరగేస్తే సన్నటి మడతలుంటాయి. వీటికి మడతల్లేవు, గిన్నెలు తోమే స్పాంజిలా చిల్లులు. కోస్తే పసుపుపచ్చ కండ చూస్తుండగానే నీలంగా మారింది.

"వదినా, ఇసువంటియి నేనెన్నడు చూడలే. నాకు తెల్వదు."

"ఇందాక తెలిసె, ఇప్పుడు తెల్వదా? నీ తెలివికి గూడ బందు పెట్టిండ్రా ఏంది?"

అందరూ నవ్వారు.

"పురుగు తొలిసింది చూడు. పురుగుకు లేని ఫికర్ మనకెందుకే?" అంటూ వదిన గిన్నె పొయ్యి మీద పెట్టింది. కొక్కులు ఏరి తెచ్చినవాళ్లే మొదటి ముద్ద తినాలని మా వైపు ఆనవాయితీ. "నేనే ముందుగాల తింట తీ. పొద్దుగూకెదాక సావకుంటె మీరు తినుండ్రి" అంది.

ఒళ్లలిసి, సరిగా చూడకుండా నేనన్న మాట నమ్మి మొదటి ముద్దకు నోరు తెరిచేది ఆమె. గిన్నె దించి మోరీలో గుమ్మరించాను.

"ఆకలైతుంటె కూరను మోరిల పోస్తవానే!" అని వదిన అటు తిరిగి కూర్చుంది. ఆ రోజూ కారం మెతుకులే తిన్నాం. నాతో ఎవరూ మాట్లాడలేదు.

అవి విషమో కాదో నాకిప్పటికీ తెలియదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని, ఆ పైన్ చెట్లలో ఒకదానికి కొట్టిన రేకు మీద చెట్టు పేరు కూడబలుక్కుని చదివాను. కొక్కుల పేరు అందులో లేదు.

ఆ బందు తర్వాత వాన పడిన ప్రతి పొద్దూ వదిన కంటే ముందే ఆ చెట్ల కిందికి వెళ్లి, మొలిచిన కొక్కులను సూదాకులతో కలిపి ఊడ్చి చెత్త సంచిలో వేసేదాన్ని. నడుం లాగేసేది. మళ్లీ వాన పడేది.